ముందు కదిలిన నీడ

నీడగోడను మొదటిసారి వెలిగించిన రోజున దాన్ని తయారుచేసిన హైమ ఒక్కచోట నిలబడలేకపోయింది. కంప్యూటర్ ముందు కూర్చోవడం, లేవడం, తెర దగ్గరికి వెళ్ళి అంచులు తడిమి చూడడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. విశాఖపట్నం సిరిపురంలోని 'చిట్టిగూడు' బొమ్మల దుకాణం అది. మొదటి అంతస్తు ఎక్కగానే ఎదురుగా పన్నెండు అడుగుల తెల్లటి తెర కట్టారు. తెర వెనక దీపాలు, పైకప్పులో నాలుగు చిన్న కెమెరాలు. ఎవరైనా ముందు నిలబడితే తెర మీద వాళ్ళ నీడ కనిపిస్తుంది. కాకపోతే అది వెలుతురు వేసే నీడ కాదు, యంత్రం గీసే నీడ. వట్టి చేతులతో నిలబడిన పిల్లకు నీడలో బొంగరం ఉంటుంది, డోలు ఉంటుంది, రెక్కలు విప్పే చెక్క చిలక ఉంటుంది. ఆ బొమ్మలన్నీ పక్క అరల్లోనే దొరుకుతాయి.

మొదట వచ్చిన పాప పేరు జాహ్నవి. ఆరేళ్ళుంటాయి. వాళ్ళమ్మ స్వర్ణలత ఎంత చెప్పినా చీర కుచ్చిళ్ళు వదలలేదు.

"మహా సిగ్గండీ దీనికి. ఇంట్లో తప్ప ఎక్కడా నోరు విప్పదు" అంది స్వర్ణలత నవ్వుతూ.

తెర మీద పెద్ద నీడ వెనక నుంచి చిన్న తల ఒకటి తొంగిచూసింది. జాహ్నవి ఇంకా చీర చాటునే ఉంది. మరుక్షణం ఆ పిల్ల కూడా తొంగిచూసింది. నీడ ఒక అడుగు వేసింది. జాహ్నవి అడుగు వేసింది. నీడ చెయ్యి చాచి డోలు అందుకుంది. జాహ్నవి పకపకా నవ్వి, గిర్రున తిరిగి, అరలో ఉన్న డోలు దగ్గరికి పరుగెత్తింది.

"అరె! మా పాప మనసులో మాట ఈ గోడకెలా తెలిసిందండీ?" అంది స్వర్ణలత.

చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. చిట్టిగూడు దుకాణాల యజమాని మనోహర్ హైమ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. తెర పక్కన నిలబడిన ఓబులేసు మాత్రం చప్పట్లు కొట్టలేదు.

ఓబులేసుది ధర్మవరం దగ్గర ఒక పల్లె. తాతల నాటి నుంచి తోలుబొమ్మలాడించే కుటుంబం. నీడ మనిషిలా కదలడం వేరు, చూసేవాళ్ళ ప్రాణం లాగేలా కదలడం వేరని హైమకు మొదట్లోనే అర్థమైంది. అందుకే ఋషికొండ దగ్గర మనోహర్ పెట్టించిన ప్రయోగశాలకు ఆయన్ను పిలిపించింది. తల ఎంత వంచితే బెరుకు, మోచెయ్యి ఎక్కడ ఆపితే ఆశ, అన్నీ ఆయన చేతివేళ్ళ నుంచే యంత్రం నేర్చుకుంది. ఏడాదిగా ఇద్దరూ ఒకే గదిలో పనిచేస్తున్నారు.

"ఏం ఓబులేసు గారూ, బాగా రాలేదా?" అని అడిగింది హైమ.

"బాగనే వచ్చినాదమ్మా. బాగ వచ్చినందుకే నాకు గుబులుగా ఉండాది. మా ఆటలో బొమ్మ నా చెయ్యి ఎంబడి వస్తాది. ఈడ ఆ పాప చెయ్యి బొమ్మ ఎంబడి పోతాంది."

హైమ నవ్వింది. ఆమెకు అది పొగడ్తలాగే వినిపించింది.

అసలు మొదట్లో నీడ వెనకబడేది. పిల్లలు గెంతాక గెంతేది. రెండు నిమిషాల్లో విసుగొచ్చి వెళ్ళిపోయేవారు. ఆ ఆలస్యాన్ని తగ్గించడానికే హైమ ఆరు నెలలు తంటాలు పడింది. మనిషి చెయ్యి ఎత్తకముందే భుజం బిగుసుకుంటుంది. అడుగు వెయ్యకముందే మడమ మీద బరువు మారుతుంది. ఆ చిన్న గుర్తుల్ని కెమెరాలు పట్టేస్తే, ఏం జరగబోతోందో యంత్రం ముందే చెప్పగలదు. అలా ఆలస్యం పోయింది. ఒకరోజు పొరపాటున లెక్క కాస్త ఎక్కువైంది. నీడ మనిషి కంటే అరక్షణం ముందు కదిలింది. ఆ రోజు తెర ముందు ఉన్నది హైమ కూతురు ఇందుజ. అప్పటికి నాలుగేళ్ళు. గంటసేపు నవ్వుతూనే ఉంది. ఇంటికి రమ్మంటే ఏడ్చింది. హైమ ఆ లెక్కను సరిచెయ్యలేదు.

బయటి పిల్లల్ని ప్రయోగాలకు తీసుకురావాలంటే సవాలక్ష అనుమతులు. కన్నకూతురికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సాయంత్రాలు ఇందుజ ప్రయోగశాలలోనే గడిపేది. గది గోడ మీద ఇలాగే నీడ గీసే చిన్న నీడదీపాన్ని దసరాకి ఇళ్ళకు కూడా అమ్మాలని మనోహర్ అనుకున్నాక, దాని మొదటి నమూనా ఇందుజ గదిలోకే వచ్చింది. ఎనిమిది నెలల పాటు ఆ పిల్ల ఆ దీపం వెలుగులో ఆడింది, తిన్నది, బట్టలు మార్చుకుంది.

గోడ పెట్టిన నెలకే చిట్టిగూడుకు జనం పోటెత్తారు. ఒకరోజు మనోహర్ ప్రయోగశాలకు వచ్చి హైమ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"హైమ గారూ, చిన్న డౌటు. పిల్లలు ఒక్కోసారి ఎటూ తేల్చుకోలేక ఊరికే నిలబడతారు కదా. అప్పుడు మీ నీడ ఏం చేస్తుంది?"

"అదీ నిలబడుతుంది."

"నిలబడే బదులు మనకి కావలసిన బొమ్మ వైపు కాస్త మొగ్గితే? బలవంతం చెయ్యమనట్లేదు. వాళ్ళే ఎటూ తేల్చుకోనప్పుడు."

"అలా బాగుంటుందా అండీ?"

"సేల్స్‌మన్ చేసేది అదే కదండీ. ఇది మర్యాదగా చేస్తుంది, అంతే."

అప్పటికప్పుడు అది తప్పుగా తోచలేదు హైమకు. గోడకూ, ఇంట్లో దీపానికీ కలిపి పని గంటసేపట్లో అయిపోయింది.

*

జూలై చివరిలో ఇందుజ బళ్ళో ఆటలపోటీలు జరిగాయి. హైమకు కుదరక భర్త ఫణీంద్ర వెళ్ళాడు. అతను బ్యాడ్మింటన్ కోచ్. పిల్లల కాళ్ళూ చేతులూ గమనించడమే అతని పని. తిరిగి వచ్చేసరికి ముఖం వాడిపోయి ఉంది.

"ఈల వేశారు. పిల్లలందరూ పరుగెత్తారు. ఇది గీత మీదే నిలబడిపోయింది."

"భయపడిందేమో."

"భయం కాదు హైమా. కింద చూస్తోంది. దగ్గరికెళ్ళి, ఏం తల్లీ, పరుగెత్తలేదేం అంటే ఏమందో తెలుసా? 'నాన్నా, నా నీడ ఇంకా వెళ్ళలేదు' అంది."

హైమ కూరగాయల సంచీ చేతికి తీసుకుంది. "పిల్లలు ఏవో ఊహించుకుంటారు. దాన్ని పట్టుకుని నువ్వు..." అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఫణీంద్ర వదల్లేదు. మరునాడు కూతుర్ని తన కోర్టుకు తీసుకెళ్ళాడు. హైమను కూడా రమ్మన్నాడు. కోర్టులో నాలుగు మూలలా దీపాలుంటాయి కాబట్టి మనిషికి నాలుగు పలచటి నీడలు పడతాయి. ఫణీంద్ర మెల్లగా కాక్ విసిరాడు. ఇందుజ బ్యాటు పట్టుకుని ఒక నీడ కేసి చూసింది, తర్వాత ఇంకోదాని కేసి, తర్వాత మూడోదాని కేసి. కాక్ ఆమె భుజానికి తగిలి కింద పడింది. మళ్ళీ విసిరాడు. మళ్ళీ అంతే. పదోసారికి ఇందుజ తండ్రి కేసి తల ఎత్తింది.

"ఏది నిజం నీడ నాన్నా?" అంది.

ఆ సాయంత్రం హైమ నీడదీపం తీసి అటక మీద పెట్టేసింది. దీపం తీసేస్తే సరిపోతుందనుకుంది. ఇందుజ గోల చెయ్యలేదు, ఏడవలేదు. అన్నం కంచం ముందు కూర్చుని, గోడ మీద కదలకుండా ఉన్న తన మామూలు నీడను చూస్తూ ఉండిపోయింది. అన్నం చల్లారింది. "తిను నాన్నా" అంటే ఒక ముద్ద తిన్నది. మళ్ళీ ఆగింది. "తిను" అంటే ఇంకో ముద్ద. ప్రతి ముద్దకూ చెప్పాలి.

రెండు రోజులు అలా చూశాక హైమ ఉండలేక పొద్దున్నే ప్రయోగశాలకు వెళ్ళి రికార్డులన్నీ తెరిచింది. తెర ముందుకు వచ్చిన ప్రతి బిడ్డకూ యంత్రం ఒక నంబరు ఇచ్చింది. ఎన్నిసార్లు వచ్చారో, ఎలా కదిలారో అన్నీ ఉన్నాయి. ఒకటి రెండుసార్లు వచ్చినవాళ్ళలో తేడా ఏమీ లేదు. నీడ కదిలిన అరక్షణానికి వాళ్ళూ కదిలారు. పదిసార్లు దాటి వచ్చినవాళ్ళలో ఆ అరక్షణం ఒక క్షణమైంది, రెండు క్షణాలైంది. అక్కడ హైమ ఆగిపోయి ఇంకో వరుస తెరిచింది. ఎటూ తేలని క్షణాలు. మొదట్లో నూటికి మూడో నాలుగో ఉండేవి. తరచుగా వచ్చే పిల్లల్లో అవి ముప్పై, నలభై, అరవై.

అంటే భుజం బిగుసుకోవడం లేదు. మడమ మీద బరువు మారడం లేదు. ముందుగా చెప్పడానికి అక్కడ ఏమీ లేదు. పిల్ల ఏమీ మొదలుపెట్టడం లేదు కాబట్టి యంత్రం తనకు తోచిన వైపు నీడను నడిపిస్తోంది. పిల్ల దాని వెనక నడుస్తోంది.

జాహ్నవి ఇరవై రెండుసార్లు వచ్చింది. ఎటూ తేలని క్షణాలు నూటికి యాభై ఎనిమిది.

ఒకటో నంబరు ఇందుజది. ఆ పేజీ తెరవడానికి హైమకు చాలాసేపు పట్టింది. నూటికి తొంభై ఏడు. గత రెండు నెలలుగా గదిలో కూతురు ఆడుతోందనుకుని తలుపు దగ్గర నిలబడి మురిసిపోయిన ఆటలన్నీ యంత్రం ఆడినవే.

వెనక ఎప్పుడు వచ్చాడో, ఓబులేసు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఏందమ్మా, అట్లా అయిపోయినావు?"

హైమ చెప్పింది. అంకెలు ఆయనకు అర్థం కాకపోయినా విషయం అర్థమైంది.

"ఆపేయ్ తల్లీ" అన్నాడు. "ఇంగ ఆలోచన ఏంటికి? ఈ పొద్దే ఆపేయ్."

*

హైమ ఆపలేదు. మనోహర్ దగ్గరికి వెళ్ళింది. అతను అంతా విన్నాడు. కాగితాలు కూడా తిప్పి చూశాడు.

"ఇందులో డాక్టర్ చెప్పింది ఏమైనా ఉందా? ఇవన్నీ మన యంత్రం లెక్కలు. ఇంట్లో టీవీ చూసే పిల్లలు కూడా ఇలాగే ఉంటారు."

"మా పాప అన్నం తినడానికి నీడ కోసం చూస్తోందండీ."

మనోహర్ ముఖంలో జాలి నిజంగానే కనిపించింది. "మీ పాప సంగతి వేరు. ఎనిమిది నెలలు ఇంట్లో పెట్టుకున్నారు. అది మీరు చేసిన పని, నేను చెప్పలేదు." కాగితాలు తిరిగి ఇచ్చేస్తూ, "దసరాకి అన్ని ఊళ్ళలో గోడలు వెలగాలి. ఆర్డర్లు వెళ్ళిపోయాయి. పది రోజులు టైమిస్తాను. నీడ మళ్ళీ వెనకే వచ్చేలా మెల్లమెల్లగా మార్చండి. ఒక్కసారి ఆపేస్తే జనంలో గోల అవుతుంది. మీకు మంచిది కాదు, నాకూ కాదు" అన్నాడు.

హైమ తల ఊపి వచ్చేసింది. ఆ తల ఊపడం గురించి తర్వాత ఆమె ఎన్నోసార్లు తనను తాను తిట్టుకుంది. ఆ క్షణాన మాత్రం పది రోజులు చిన్న గడువనిపించింది. మార్చేస్తే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదనిపించింది. అలా అనిపించినందుకు కొంచెం హాయిగా కూడా ఉంది.

నాలుగు రోజులు నిద్రాహారాలు లేకుండా పనిచేసింది. ఏ పనీ కుదురుగా సాగలేదు. ఒక లెక్క మొదలుపెట్టి సగంలో వదిలి ఇంటికి ఫోన్ చేసేది. అన్నం తిన్నదా అని అడిగేది. చెప్పకుండా తిన్నదా అని మళ్ళీ అడిగేది.

ఐదో రోజు శనివారం. ఒంటిపూట బడి. ఇందుజను తీసుకుని ఆటోలో ప్రయోగశాలకు వచ్చింది హైమ. మిట్టమధ్యాహ్నం. ఎండ నడినెత్తిన ఉంది. పాపను దింపి, గేటు పక్కన నిలబెట్టి, సీటు మీద జారిపోయిన కాగితాలు ఏరుకోవడానికి ఆటోలోకి వంగింది. అంతే సమయం. పక్క అపార్టుమెంటుకు నీళ్ళు పోసి వెళ్ళే ట్యాంకరు లారీ వెనక్కి వస్తోంది. కీకీమని శబ్దం చేస్తూ, చాలా మెల్లగా. పెద్దవాళ్ళు నడుచుకుంటూ తప్పుకోగలిగినంత మెల్లగా.

"ఓ పాపా! తప్పుకోయే! ఏటలా నిలబడిపోనావు?" ఎదురు కిరాణా కొట్టు ఆవిడ కేక పెట్టింది.

ఇందుజకు లారీ కనిపిస్తోంది. అది దగ్గరికి వస్తోందని తెలుస్తోంది. ఆ పిల్ల తన పాదాల కేసి చూసుకుంది. నీడ ఎక్కడా లేదు. చెప్పుల కింద పిడికెడు నల్లటి మచ్చ మాత్రం ఉంది. అది కదలడం లేదు.

హైమ తల ఎత్తి చూసేసరికి ఎవరో ఆమెను రాసుకుంటూ దూసుకుపోయారు. టీకి వెళ్ళి వస్తున్న ఓబులేసు. రెండు చేతులతో పాపను ఎత్తి గేటు లోపలికి తోసేశాడు. ఆ తోపుకు తనే ముందుకు తూలి పడ్డాడు. కుడిచెయ్యి నేల మీద ఆనింది. చక్రం దాని మీద ఆగింది.

*

ఆసుపత్రిలో ఓబులేసు చేతికి ఆపరేషన్ చేశారు. మూడు వేళ్ళు నిలిచాయి. చూపుడువేలు, బొటనవేలు తీసెయ్యాల్సి వచ్చింది. తోలుబొమ్మ కర్రను పట్టేది ఆ రెండు వేళ్ళే.

మత్తు దిగాక ఆయన అడిగిన మొదటి మాట, "పాపకు దెబ్బ తగల్లేదు గదా?"

"లేదు" అంది హైమ. కళ్ళు తుడుచుకుంది.

"ఏడవాకమ్మా. ఏడ్చేకి తర్వాత పొద్దుంటాది. నువ్వు ముందు ఆడికి పో."

ఎక్కడికో చెప్పక్కర్లేదు. హైమ ఆసుపత్రి నుంచి నేరుగా సిరిపురం వెళ్ళింది. సాయంత్రం ఏడైంది. దుకాణం కిటకిటలాడుతోంది. నీడగోడ ముందు పదిహేను మంది పిల్లలు. తెర మీద డోళ్ళు, బొంగరాలు, చిలకలు. పెద్దవాళ్ళు చుట్టూ నిలబడి ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. హైమ తెర పక్క నుంచి వెళ్ళి మెయిన్ స్విచ్ దించేసింది.

తెర తెల్లగా, ఖాళీగా అయిపోయింది. పిల్లల్లో కొందరు "అయ్యో" అన్నారు. కొందరు అమ్మల దగ్గరికి పరుగెత్తారు. ఒకడు కింద కూర్చుని ఏడుపు మొదలుపెట్టాడు. ఆరుగురు మాత్రం ఉన్నచోటే ఉండిపోయారు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, వంగినవాళ్ళు వంగినట్టే. ఖాళీ తెర కేసి చూస్తూ.

దుకాణంలో సద్దు అణిగింది.

"జానూ" అని పిలిచింది ఒక ఆవిడ. స్వర్ణలత. "జానూ, రామ్మా. వెళ్దాం."

జాహ్నవి కదల్లేదు. స్వర్ణలత వెళ్ళి భుజం పట్టుకుంది. అప్పుడు కదిలింది. వదిలేస్తే ఆగిపోయింది.

"ఏమైందండీ దీనికి? ఎందుకిలా..." స్వర్ణలత చుట్టూ చూసింది. చొక్కా మీద నెత్తుటి మరకలతో స్విచ్ దగ్గర నిలబడి ఉన్న హైమ కనిపించింది. "మీరే కదా దీన్ని తయారుచేసింది? ఆరోజు ఇక్కడే ఉన్నారు. చెప్పండి, ఏమైంది?"

మేనేజరు పరుగెత్తుకొచ్చి, కరెంటు పోయిందండీ, ఐదు నిమిషాలు, ఐదు నిమిషాలు అంటున్నాడు.

"కరెంటు పోలేదు" అంది హైమ. "నేనే ఆపాను. మీ పిల్లలు నీడ కదిలితేనే కదిలేలా తయారయ్యారు. నా కూతురూ అంతే. ఈ సంగతి నాకు తెలిసి ఐదు రోజులైంది. చెప్పలేదు."

స్వర్ణలత చెంప మీద కొట్టింది. హైమ అక్కడే నిలబడింది. ఎవరూ ఆ చెయ్యి పట్టుకోలేదు.

వీడియోలు ఆ రాత్రే ఊరంతా తిరిగాయి. మనోహర్ రెండు రోజులు బుకాయించి, మూడో రోజున అన్ని ఊళ్ళలో తెరలు విప్పించాడు. కేసు పడింది. అందులో మనోహర్ పేరు ఉంది, హైమ పేరూ ఉంది. తన పేరు తీయించుకోవడానికి హైమ ప్రయత్నించలేదు. రికార్డులన్నీ తీసుకెళ్ళి ఇచ్చేసింది. పదిసార్లు దాటి వచ్చిన పిల్లలు రెండువందల పన్నెండు మంది. వాళ్ళ ఇళ్ళకు ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసింది. కొందరు తిట్టారు. కొందరు వినకుండా పెట్టేశారు. ఒక తండ్రి మాత్రం, "మావాడు బుద్ధిమంతుడయ్యాడనుకున్నామమ్మా. చెప్పిందే చేస్తున్నాడని అందరికీ చెప్పుకున్నాం" అని ఆగిపోయాడు.

పిల్లల నరాల వైద్యురాలు ఒకావిడ ఆ పిల్లల్లో చాలామందిని చూసింది. మందు లేదంది.

"కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. మొదలుపెట్టడం మరిచిపోయారు, అంతే. మీరు 'తిను' అంటే తింటారు, 'లే' అంటే లేస్తారు. అలా అంటున్నంత కాలం మీరే వాళ్ళ నీడలు. చెప్పకండి. చూపించకండి. ఎంతసేపైనా ఆగండి."

"ఎంతసేపు?" అని అడిగాడు ఫణీంద్ర.

"నాకూ తెలియదు."

ఆగడమంటే ఏమిటో ఆ తర్వాత హైమకు తెలిసింది. కంచం పెట్టి ఎదురుగా కూర్చోవాలి. కనుసైగ చెయ్యకూడదు. తన చెయ్యి కంచం వైపు పోకూడదు, పోతే పాప చెయ్యి కూడా పోతుంది. అందుకని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది. పాప ఆకలితో నీరసించి పక్కకు వాలిపోతే ఫణీంద్ర లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు అతను గుమ్మం దగ్గర నిలబడి, "ఒక్క మాట చెబితే తింటుంది కదే! ఒక్క మాట!" అని అరిచాడు. హైమ చేతులు తొడల కింద నుంచి తియ్యలేదు. నలభై నిమిషాల తర్వాత ఇందుజ వేలు ఒకటి మెతుకును తాకింది. తాకి ఆగిపోయింది. ఆ పూటకు అంతే. చివరికి తినిపించక తప్పలేదు.

కొన్ని రోజులు ఒక ముద్ద, కొన్ని రోజులు రెండు. ముందుకు పోయిందనుకుంటే మళ్ళీ వెనక్కి. ఇంట్లో గోడలకు నీడ పడకుండా పరదాలు కట్టాలా అని ఆలోచించి మానేశారు. నీడ లేని ఇల్లు ఎక్కడుంటుంది?

*

నవంబరులో ఓబులేసును చూడడానికి ముగ్గురూ ఆయన పల్లెకు వెళ్ళారు. ఆయన ఎడమచేత్తో తోలు మీద రంధ్రాలు కొట్టడం అలవాటు చేసుకుంటున్నాడు. ఉలి పట్టు ఇంకా కుదరలేదు. గీత అటూ ఇటూ పోతోంది. ఆడించడం ఇక కుదరదని తెలిసిపోయినా ఆ మాట ఎత్తలేదు.

హైమ ఆయన పక్కన చాప మీద కూర్చుంది. ఇన్నాళ్ళుగా గొంతులో ఉన్నది ఇప్పుడు చెప్పాలనుకుంది.

"మీరు ఆపెయ్యమన్న రోజునే ఆపి ఉంటే..."

"ఉంటే ఈ వేళ్ళు ఉండేవి" అన్నాడు ఓబులేసు ఉలి మీంచి చూపు తిప్పకుండా. "నిజమే తల్లీ. కాదని నేను చెప్పను. నాకు కోపం రాలేదని గూడా చెప్పను. వచ్చినాది. కొన్ని దినాలు నీ ఫోను ఎత్తింది లేదు, సూసినావు గదా."

"చూశాను."

"ఆ కోపం పాప మీదికి రాలేదు. అది మేలు." మళ్ళీ ఉలి మీద దెబ్బ వేశాడు.

అంతకు మించి ఆ సంగతి ఇద్దరూ మాట్లాడలేదు. అది క్షమించడమో కాదో హైమకు తెలియలేదు. అడగలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ధర్మవరంలో సాయంత్రం రైలు అందుకోవాలంటే మూడింటికల్లా బయల్దేరాలి. ఫణీంద్ర సంచులు సర్దుతున్నాడు. ఇందుజ అరుగు మీద కూర్చుని ఉంది. ఎదురుగా వీధి చివర బోరింగు. ఎవరో నీళ్ళు కొట్టుకుని వెళ్ళిపోయారు. దాని చుట్టూ బురద. బురదలో ఒక మేకపిల్ల మూతి పెట్టి తుమ్ముతోంది.

ఇందుజ లేచింది.

హైమ సగం లేవబోయి ఆగింది. ఫణీంద్ర చేతిలో సంచీ అలాగే ఉండిపోయింది. ఇందుజ అరుగు దిగింది. వీధి దాటుతుండగా ఒక్కసారి ఆగింది. పాప నీడ కేసి చూడలేదు. కాలికి గుచ్చుకున్న ముల్లు పీకి పారేసి, మళ్ళీ నడిచింది. బోరింగు పిడికి వేలాడింది. నీళ్ళు రాలేదు. మళ్ళీ ఎగిరి వేలాడింది. గబుక్కున ఒక దోసెడు నీళ్ళు పడ్డాయి. మేకపిల్ల బెదిరి గెంతింది. ఇందుజ పడీపడీ నవ్వింది. గౌను నిండా బురద.

పావుగంట గడిచింది. మూడు దాటింది. హైమ నెమ్మదిగా దగ్గరికి వెళ్ళింది. రమ్మని చెప్పకూడదు. అడగవచ్చు, అడగమనే వైద్యురాలు చెప్పింది.

"ఇందూ, ఇంటికి వెళ్దామా?"

"వద్దు" అంది ఇందుజ.

హైమ సరిగ్గా విన్నదో లేదో తెలియక అలాగే నిలబడింది. మూడు నెలలుగా ఆ పిల్ల ఏది అడిగినా "ఊఁ" అనడమే.

"రైలు వెళ్ళిపోతుందేమో మరి."

"వెళ్ళనీ. నాకు మేకపిల్ల కావాలి. నువ్వు అటు జరుగు, దానికి భయమేస్తోంది."

హైమ జరిగింది. ఇంకా జరగమంటే ఇంకా జరిగింది. అరుగు మీద నుంచి ఓబులేసు గట్టిగా నవ్వాడు. "సరిపోయినాది! ఇంగ ప్రతి దానికీ వద్దు అంటాది సూడు, ఆడపిల్ల గాదు అది, అగ్గిపిడుగు. ఈ రాత్రికి ఈడనే పండుకోండి, యాడికీ పోయేది లేదు."

ఫణీంద్ర సంచీ కింద పెట్టి, దాని పక్కనే కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

హైమ బురదలోనే దూరంగా గొంతుక్కూర్చుంది. ఫోన్ మోగింది. స్వర్ణలత. ప్రతి శనివారం ఆవిడ చేస్తుంది. పలకరింపు ఉండదు, మర్యాద ఉండదు. సూటిగా ప్రశ్న ఒకటే.

"మీ పాపకి ఏమైనా తేడా ఉందా?"

"ఇప్పుడే 'వద్దు' అంది."

అవతల స్వర్ణలత ఏడుస్తోందని హైమకు తెలుస్తోంది.

"మా జానూ ఇంకా ఏమీ అనలేదు" అంది చివరికి. "పొద్దుట నుంచీ కూర్చునే ఉంది. నేనూ కూర్చునే ఉన్నాను."

"నేను ఫోన్ పెట్టనండీ" అంది హైమ. "మీరు కూర్చోండి. నేనూ ఉంటాను."

ఆమె ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది. అవతలి ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాలుగు దాటాక, ఎక్కడో దూరంగా, కుర్చీ నేల మీద రాసుకున్న చప్పుడైంది.

"మీరు లేచారా?" అంది హైమ గుసగుసగా.

"లేదు" అంది స్వర్ణలత. "నేను లేవలేదు."